తొమ్మిదో తూములో కొంగల లెక్క

రోజు 1

పడవ దిగేసరికి పదకొండయింది. తొమ్మిదో తూము ఊరంటే కరకట్ట మీద రెండు వరుసల ఇళ్ళు. కట్టకు అటు సముద్రం, ఇటు వరిచేలు. మా తాతల కాలంలో ఇక్కడివాళ్ళు సముద్రం చూడాలంటే బస్సెక్కి రెండు గంటలు వెళ్ళేవారట. ఇప్పుడు బడి అరుగు మీద కూర్చుంటే కనిపిస్తుంది.

మెట్ట మీది శిక్షణ కేంద్రం వాళ్ళు నన్ను పంపిన పని ఇది. నెట్‌లో ఉచిత అర అని ఒకటుంది, బడి టాబ్లెట్ పలకల్లో నడిచే సాఫ్ట్‌వేర్ పరికరాలు ఊరికే దొరికే చోటు. అందులోని పరికరాల్లో ఒకదాన్ని ఎంచుకుని పాఠాలు చెప్పాలి. నలభై రోజుల్లో, ఒకే పరికరంతో, ఇరవై రోజుల పాఠాలు దాని లెక్కలోకి ఎక్కాలి. ఎక్కితే నాకు ఉపాధ్యాయ పత్రం వస్తుంది, మెట్ట మీద ఏ బడిలోనైనా ఉద్యోగం ఇస్తారు. ఎక్కకపోతే శిక్షణ ఏడాది మళ్ళీ మొదటి నుంచి. ఏ రోజు ఏం చేశానో రాసి ఉంచమన్నారు, రాస్తున్నాను.

పిల్లలు పద్నాలుగు మంది. పలకలూ పద్నాలుగే. అన్నీ వెలుగుతున్నాయి. ఒకదాని అంచు ఎలక కొరికింది. సిగ్నల్ కోసం ఎగువన కాలువ లాకు దగ్గర బెలూన్ ఎగరేస్తారు. గాలి ఎక్కువైతే దించేస్తారు. దించిన రోజు పలకల పాఠం ఉండదు.

పల్లాలమ్మ గారింట్లో ముందు గది ఇచ్చారు. ఆవిడ తూము లస్కరు. సముద్రపు నీరు తగ్గినప్పుడు తూము తలుపు ఎత్తి చేలలోని వాననీటిని బయటికి వదలడం, పెరిగేలోపు దించడం ఆవిడ పని. డెబ్బై ఏళ్ళు దాటాయి.

"నీ పేరేంటమ్మాయ్?"

"వీరవేణి అండి."

"వంటొచ్చా?"

"వచ్చండి."

"ఎవరు సూసేరు?"

వెటకారం అనుకుని ఊరుకున్నాను.

రోజు 3

ఉచిత అరలో నాలుగు వందలకు పైగా పరికరాలున్నాయి. ఎవరో ఎప్పుడో తయారుచేసి వదిలేసినవి. సగం తెరుచుకోవు. తెరుచుకున్నవాటిలో ఇవాళ మూడు చూశాను.

మొదటిది కథలు చదివి వినిపిస్తుంది. గొంతు బాగుంది. కథలన్నీ మంచు కురిసే ఊళ్ళవి. పిల్లలు అరగంట సేపు మంచు గురించే అడిగారు. నేనూ చూడలేదని చెప్పాను.

రెండోది పటం. మన బడి ఎక్కడుందో వెతకమన్నాను. సముద్రం రాకముందు గీసిన పటం అది. ఏసురత్నం అనే పదకొండేళ్ళ వాడు ముందుగా కనిపెట్టాడు.

"మేడమ్ గారండీ, మనం పెట్రోలు బంకులో కూచున్నావండీ!"

"పెట్రోలు బంకంటే ఏంట్రా?" అంది వాడి పక్కనున్న భూలక్ష్మి. వాడికీ తెలియదు.

మూడోది మొహాలు చూసి హాజరు వేస్తుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఒకరే అనుకుని పదమూడు అని చూపించింది. పిల్లలు ఒకరినొకరు చూసుకుని "కలవలేదండి" అన్నారు, అందరూ ఒకేసారి. ఆ మాట ఇక్కడ చాలాసార్లు వింటున్నాను.

రోజు 5

ఆదివారం. చేపలు కడుగుతూ పల్లాలమ్మ గారు ఆ మాట సంగతి చెప్పారు.

తూముకు రెండు గేజీలుంటాయి, అడుగులూ అంగుళాలూ చెక్కిన రాళ్ళు. ఒకటి సముద్రం వైపు, ఒకటి చేల వైపు. బయటి నీరు లోపలి నీటికన్నా తక్కువున్నప్పుడే తలుపు ఎత్తాలి. ముప్పై ఏళ్ళ కిందట ఐదో తూము దగ్గర ఒకతను ఒక్కడే గేజీ చదివి అంకె తప్పు చెప్పాడు. తలుపు ఎత్తారు.

"ఐదో తూము ఊరు ఎక్కడుందండీ? నేను చూడలేదు."

"లేదు," అన్నారావిడ.

అప్పటినుంచి ఈ కట్ట మీద ఒక్కరు చెప్పిన అంకె అంకె కాదు. రెండోవాళ్ళు తమ కళ్ళతో చూసి "కలిసింది" అనాలి. తూము దగ్గర మొదలైనది ఇళ్ళలోకీ వచ్చింది. కోళ్ళు ఎన్ని, కుండలో బియ్యం ఎన్ని గిద్దలు, పిల్లకు జ్వరం ఎంత, అన్నిటికీ రెండో మనిషి కావాలి.

"నా వంటకి కూడానా మామ్మగారూ?"

"దానికి ముగ్గురు గావాలి."

రోజు 8

ప్రశ్నల పెట్టె అనే పరికరం ఎంచుకున్నాను. శిక్షణ కేంద్రంలో అందరూ దాన్నే వాడతారు. ప్రతి పలక మీదా లెక్కలు వస్తాయి. పిల్లలు ఎవరికి వారు జవాబు నొక్కాలి. ఎవరు ఎందులో వెనకబడ్డారో అదే చెబుతుంది.

మొదటి ప్రశ్నకు ఎవరూ నొక్కలేదు. పక్కవాళ్ళ పలక చూసి, వేళ్ళ మీద లెక్క పెట్టి, గుసగుసలాడి, "కలిసింది" అనుకున్నాక పద్నాలుగు మందీ ఒకేసారి నొక్కారు. పది ప్రశ్నలూ అలాగే చేశారు. ఎనిమిది ఒప్పు, రెండు తప్పు. ఆ రెండూ అందరూ ఒకే తప్పు.

పలకల మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. చూచిరాత అనుమానం. ఈ రోజు పాఠం లెక్కలోకి రాదు.

రోజు 9

ఎవరి జవాబు వాళ్ళే నొక్కాలని అరగంట చెప్పాను.

"తప్పయితేనండీ?" అని ఏసురత్నం.

"తప్పయితే అయింది. ఏ లెక్క రాదో తెలుస్తుంది."

"తప్పని తెలిసీ మేవెలా సెప్తావండీ?"

"తెలిసి కాదురా, తెలియక."

"తెలవకపోతే పక్కోళ్ళని సూడమంటాదండి మా అమ్మ."

మళ్ళీ ఎర్ర అక్షరాలు. ఇంకోసారి ఇలా జరిగితే ఈ బడికి పరికరం మూసేస్తామని కూడా రాసింది.

రోజు 10

ఉపాయం దొరికింది. చూస్తే వాళ్ళకు కావలసింది ఆ మాట. అది అనకుండా వేలు కదలడం లేదు. అందుకని ఇలా చెప్పాను. "ఎవరి పలక వాళ్ళు చూసుకోండి. నొక్కేముందు అందరూ గట్టిగా 'కలిసింది' అనండి. పక్కకి చూడక్కర్లేదు. ఇది బడి కదా, చూడకుండానే అనెయ్యొచ్చు."

కాసేపు తటపటాయించారు. తర్వాత ఆటలా పట్టుకున్నారు. ప్రశ్న రావడం, పద్నాలుగు గొంతులు "కలిసింది" అనడం, నొక్కడం. జవాబులు రకరకాలుగా వచ్చాయి. ఎర్ర అక్షరాలు రాలేదు. మొదటి రోజు లెక్కలోకి ఎక్కింది.

రోజు 17

ఆరు రోజులు ఎక్కాయి. ఒక రోజు బెలూన్ దించారు, ఆ రోజు నారుమడి దగ్గరికెళ్ళి వరుసలు లెక్కబెట్టాం.

భూలక్ష్మికి భాగహారం రాదని ప్రశ్నల పెట్టె చెప్పింది. నిజమే. అందరితో కలిసి చేస్తుంటే ఆ సంగతి ఇన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు. సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి రొయ్యలు పంచిపెట్టించాను. మూడు రోజుల్లో వచ్చేసింది. ఎవరికేది రాదో తెలుస్తుంటే పాఠం చెప్పడం తేలిగ్గా ఉంది.

నా వంట మీద ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ఉప్పు ఎక్కువంటున్నారు. ఈ ఊళ్ళో ఉప్పుకు కొరత లేదన్నాను. పల్లాలమ్మ గారు నవ్వారు.

రోజు 24

ఇవాళ పొద్దుటి పాఠంతో పన్నెండు రోజులు ఎక్కాయి. ఇంకా ఎనిమిది కావాలి.

తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలు బడి వదిలాక వంతులవారీగా గేజీ చదువుతారు. పల్లాలమ్మ గారు పైన చక్రం దగ్గర ఉంటారు, అక్కణ్ణుంచి గేజీ కనిపించదు. ఇవాళ వంతు ఏసురత్నానిదీ భూలక్ష్మిదీ. నేను అరుగు మీద పలకలు తుడుస్తున్నాను.

"లోపల మూడు ఎనిమిది!" అని వాడి కేక.

"కలిసింది!" అని దాని కేక.

"బయట మూడు రెండు!"

"కలిసింది!"

చక్రం తిరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత పల్లాలమ్మ గారి అరుపు. నీరు బయటికి పోవలసింది లోపలికి దూకుతోంది. ఆవిడా ఇంకో ఇద్దరూ చక్రం మీద పడి తలుపు దించారు. పావుగంట కూడా పట్టలేదు. బయటి గేజీ నాలుగు రెండు ఉంది. నాలుగు మీద పాచి పట్టింది, ఏసురత్నం దాన్ని మూడనుకున్నాడు.

తూముకు దగ్గర్లో ఉన్నవి ధనరాజు గారి నారుమడులు. రెండు మడుల్లో ఉప్పునీరు నిలిచింది. ఆ నారు ఇక పనికిరాదు.

ఊరంతా కట్ట మీదికి వచ్చింది. ఏసురత్నాన్ని ఎవరూ ఏమీ అనలేదు. చదివేవాడు పొరబడొచ్చు, రెండో మనిషి ఉండేది అందుకే. పల్లాలమ్మ గారు భూలక్ష్మి ముందు నిలబడ్డారు.

"గేజీ సూసే అన్నావా?"

"సూళ్ళేదండి."

"మరెందుకన్నావే?"

"బళ్ళో మేవలాగే అంటావండి. సూడకుండా అనెయ్యొచ్చని మేడమ్ గారు సెప్పేరండి."

అందరూ నావైపు చూశారు. నిజమేనని చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను.

ధనరాజు గారు పంచె ఎగగట్టి మడిలోకి దిగి, కాస్త నీరు నోట్లో పోసుకుని ఊశారు. "రెండు మడులే కదండీ," అన్నారు నాతో. "ఊరు ఉంది."

రోజు 25

ఇక్కడి పద్ధతి ప్రకారం చూడకుండా కలిసిందన్నవాళ్ళ మాట ఆ రోజు నుంచి చెల్లదు. తిట్టరు, కొట్టరు. వాళ్ళను ఎవరూ చూడమని అడగరు, అంతే. మళ్ళీ చెల్లాలంటే ఎవరో ఒకరు తమ సొంత లెక్క తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టాలి. చిన్నాచితకా లెక్క పనికిరాదు. తేడా వస్తే పెట్టినవాళ్ళకు నష్టం కలిగే లెక్కయి ఉండాలి.

"పదేళ్ళ పిల్ల కదా మామ్మగారూ. చెప్పింది నేను కదా."

"నువ్వు సెప్పేవు. అన్నది అది."

"నా మాట కూడా చెల్లదా అయితే?"

"నీ మాట ఎప్పుడు సెల్లింది గనక?"

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పారు.

బడిలో పిల్లలు పలకలు పట్టుకుని నావైపు చూస్తూ కూర్చున్నారు. ప్రశ్నల పెట్టె తెరిచాను. ఆ మాట అనకుండా చేయండన్నాను. ఎవరూ నొక్కలేదు. అనమంటే అంటారని తెలుసు, ఎనిమిది రోజులు అనిపిస్తే నా పని అయిపోతుంది. మూసేశాను. పద్నాలుగు పలకల్లోంచీ తీసేశాను.

మధ్యాహ్నం గాలి లేదు, బెలూన్ నిలకడగా ఉంది. ఉచిత అర అడుగున ఉన్నవి ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను.

రోజు 26

అడుగున దొరికింది పిట్టల లెక్క. ఒకప్పుడు చిత్తడి నేలల్లో పిట్టలను లెక్కబెట్టేవాళ్ళు తయారుచేసుకున్నది. ఒకరు లెక్కబెట్టి అంకె వేస్తే పలక దాన్ని దాచేస్తుంది. రెండోవాళ్ళు వేరే పలక మీద తమ అంకె వేయాలి. రెండూ ఒకటైతే తీసుకుంటుంది, కాకపోతే మళ్ళీ లెక్కించమంటుంది. బడి రికార్డుగా కూడా వాడుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ తెరవలేదు.

ఆదివారమైనా పిల్లలను పిలిచి చూపించాను. ఏసురత్నం రెండు పలకలూ తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మనూరోళ్ళు సేసేరాండీ?"

కాదన్నాను. వాడు నమ్మినట్టు లేదు.

ఒకటే చిక్కు. ఏం లెక్కబెట్టినా ఏ పిట్ట అని అడుగుతుంది. పిట్ట పేరు ఇవ్వకపోతే కదలదు. అందుకని ఇటుకలను గోరింకలు అన్నాం. పడవలను బాతులు. నీటి మట్టం అంగుళాలను నీటికాకులు. నారుకట్టలను కొంగలు.

ఇవాళ్టి నుంచి రోజులు లెక్కబెట్టాను. ఆదివారాలు పోతే ఎక్కువలో ఎక్కువ పన్నెండు. ఇరవై కావు.

రోజు 31

ధనరాజు గారికి ఊళ్ళోవాళ్ళు తలా కాస్త నారు ఇచ్చారు. కట్టలు మోసుకొచ్చి మడి గట్టున పెడుతుంటే మా బడి లెక్కబెట్టింది. వరుసకు పద్దెనిమిది, ఇరవై వరుసలు. ఏసురత్నం జట్టు గుణించి మూడు వందల అరవై అంది. రెండో జట్టు కట్టకట్టా ముట్టుకుని మూడు వందల యాభై తొమ్మిది అంది. మళ్ళీ లెక్కించండి, అంది పలక. ఒక వరుసలో పదిహేడే ఉన్నాయి. ధనరాజు గారి భార్య వెళ్ళి ఇంకో కట్ట తెచ్చి పెట్టింది. అప్పుడు కలిసింది.

ఇంత ఇష్టంగా గుణకారం చేసిన పిల్లలను నేను చూడలేదు.

భూలక్ష్మి గట్టు మీద కూర్చుని పిట్ట పేర్లు రాసిపెట్టింది. ఆ పని చెయ్యొచ్చు. లెక్క మాత్రం దాన్ని ఎవరూ అడగలేదు. నేను బడి ఇటుకలు చూడమని అడిగాను.

"ఇటికలు తప్పయితే మీకేం పోద్దండీ?" అంది.

నిజమే, ఏమీ పోదు.

రోజు 36

బెలూన్ దించారు. ఒక రోజు పోయింది.

కేంద్రానికి ఉత్తరం రాయనా అని ఆలోచించాను. ఏం రాయాలో తోచలేదు. పిల్లలతో కలిసి గేజీ రాళ్ళ మీది పాచి గీకాం. అది ఇకమీద వారం వారం బడి పని. పల్లాలమ్మ గారు వచ్చి రెండు రాళ్ళూ చూసి, బాగుందని అనలేదు గానీ, మా అందరికీ కొబ్బరిముక్కలు ఇచ్చి వెళ్ళారు.

రోజు 40

పరీక్షాధికారి పేర్రాజు గారు పొద్దుటి పడవలో వచ్చారు. యాభై దాటిన మనిషి. పడవ పడక మొహం తేలేశారు. పల్లాలమ్మ గారు మజ్జిగ ఇచ్చాక కుదుటపడ్డారు. ఆదివారమైనా పిల్లలంతా వచ్చారు. ఆయన గంటసేపు పాఠం చూశారు, తర్వాత రికార్డు తెరిచారు. పిల్లలు చుట్టూ మూగారు. పల్లాలమ్మ గారూ, పని లేని నలుగురూ అరుగు మీద కూర్చున్నారు.

"ధనరాజు మడిలో కొంగలు మూడు వందల అరవై. ఇన్ని కొంగలెక్కణ్ణించి వచ్చాయమ్మా?"

"నారుకట్టలండి."

"రోజూ చిలకలు పద్నాలుగు?"

"పిల్లలండి. హాజరు."

"గుడ్లగూబ ఒకటి?"

పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు.

"నేనండి," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ప్రశ్నల పెట్టె రికార్డు కూడా చూశారు. అందులో పన్నెండు రోజులు. పిట్టల లెక్కలో పదకొండు.

"ఎందుకు మార్చారు?"

చెప్పాను. గేజీ సంగతీ, నేను నేర్పిన ఉపాయం సంగతీ, అన్నీ.

ఆయన పలక పక్కన పెట్టారు. "ఎనిమిది రోజులు ఓపిక పట్టి ఉంటే..." అని ఆగిపోయారు. తర్వాత పత్రం తీసి మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు.

"పాఠం బాగుంది. అంతకన్నా నాకేం కావాలి? ఒకే పరికరంతో ఇరవై రోజులు అని రాస్తున్నాను. మెట్ట మీద ఎవరూ విప్పి చూడరు. వచ్చే నెల మీకు ఉద్యోగం."

మంచి మనసుతోనే అన్నారు. నాకు ఆ పత్రం కావాలి. ఏడాదిగా దానికోసమే ఉన్నాను. సరేనండి అనడానికి నోరు తెరిచాను కూడా. పిల్లలు పద్నాలుగు మందీ ఆయన కలం వైపు చూస్తున్నారు. ఒక అంకె వినపడింది, రెండో మనిషి ఇంకా మాట్లాడలేదు. ఆయన కూర్చున్న చోటికి అందరికన్నా దూరంగా భూలక్ష్మి నిలబడి ఉంది.

"భూలక్ష్మీ," అన్నాను. "ఇది నా లెక్క. వచ్చి చూడు."

అది కదల్లేదు. పల్లాలమ్మ గారి వైపు చూసింది. ఆవిడ తల ఊపారు. అప్పుడు వచ్చింది. పత్రం మీద వంగి చదివింది. తర్వాత పలక తీసుకుని పిట్టల లెక్కలో ఒక్కో రోజూ వేలితో జరుపుతూ చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి.

"పత్రంలో ఇరవై ఉందండి. ఇందులో పదకొండే ఉన్నాయండి." నావైపు చూడకుండా అంది. "కలవలేదండి."

పేర్రాజు గారు నావైపు చూశారు. "దిద్దమంటారా?"

"దిద్దండి."

ఆయన కొట్టేసి పదకొండు అని రాశారు. దిద్దిన చోట సంతకం పెట్టారు. కింద ఉత్తీర్ణత లేదు అని రాసి, కాగితాన్ని తానే భూలక్ష్మి వైపు తిప్పారు.

"కలిసింది," అంది అది, ఈసారి గట్టిగా.

"శిక్షణ ఏడాది మళ్ళీ చేయాలి," అన్నారాయన. "కేంద్రానికి వచ్చేస్తారా? ఎక్కడైనా చేయొచ్చు, ఎక్కడో ఈ గడిలో రాయాలి."

"ఇక్కడే అని రాయండి."

"ఇంకో ఏడాది ఆ ఉప్పు తినాలా మేవు?" అన్నారు పల్లాలమ్మ గారు అరుగు మీంచి.

తర్వాత ఆవిడ లేచి తూము దగ్గరికి వెళ్ళిపోయారు. పోటు దిగే వేళయింది. ఇవాళ గేజీ వంతు ఏసురత్నానిది. వాడు రెండడుగులు పరిగెత్తి వెనక్కి తిరిగాడు.

"రావే, ఆలిస్యం అవుద్ది!"

భూలక్ష్మి పలక నా చేతిలో పెట్టి వాడి వెంట పరిగెత్తింది. మిగతా పిల్లలు పేర్రాజు గారిని పడవ దాకా దిగబెట్టడానికి వెళ్ళారు.

నేను పలకలు తుడిచి పెట్టెలో సర్దాను. లెక్కబెట్టాను. చూడ్డానికి పక్కన ఎవరూ లేరు. అందుకని ఎన్ని ఉన్నాయో ఇక్కడ రాయడం లేదు.